యాదగిరి గారు గీసిన ఎర్ర గీత

యాదగిరి గారు పోయారని ఆయన భార్య ఆండాళమ్మ గారు ఉదయం ఏడు దాటాక ఫోన్ చేసి చెప్పారు. నేను అడగరాని మాట అడిగాను. "ఏ యాదగిరి గారండీ?" అన్నాను. ఆమె కోపగించుకోలేదు. "మీ యాదగిరే సార్, ఇంకెవరు" అన్నారు. ఆమె గొంతూ, ఆ పేరూ రెండూ తెలిసినవే అయినా విషయం తలకెక్కడానికి నాకు కాసేపు పట్టింది. ముందురోజు సాయంత్రమే ఆయన నాతో మాట్లాడారు. మూడు నెలల చక్కెర సగటు చెప్పే రక్తపరీక్ష చేయించుకున్నాననీ, ఈసారి కూడా డాక్టరు మెచ్చుకున్నారనీ చెప్పి, "మల్ల ఫస్ట్ క్లాస్ సార్" అని నవ్వారు. ఆ నవ్వు విన్నవాడికి మర్నాడు పొద్దున ఈ కబురు ఎలా నమ్మబుద్ధవుతుంది?

యాప్రాల్ నుంచి తిరుమలగిరిలోని వాళ్ళింటికి వెళ్ళేసరికి వరండా నిండా జనం ఉన్నారు. జరిగింది చాలా చిన్న సంగతి. ఆయన రోజూలాగే లేచారు. "జెర అలుపుగ ఉన్నది, చాయ్ పెట్టు" అన్నారు. చక్కెర లేని చాయ్ ఆమె తెచ్చేలోగా కుర్చీలోనే తల వాల్చేశారు. ఛాతీలో నొప్పి అనలేదు, చెయ్యి లాగుతోందని అనలేదు. గుండెపోటు అని డాక్టరు చెప్పారు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళలో నరాలు మొద్దుబారి, గుండెపోటు ఒక్కోసారి నొప్పి తెలియకుండానే వస్తుందని నేను పత్రికలో ఎన్నోసార్లు రాశాను. ఆ వాక్యం ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆ మనిషి ఎదురుగా పడుకుని ఉన్నాడు.

పాఠకుల్లో ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. సికింద్రాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళకు పైగా టెక్నీషియన్‌గా పనిచేశారు. ఆపరేషన్‌లో తీసిన కండ ముక్కను మైనంలో బిగించి, వెంట్రుక మందం కన్నా పలచగా కోసి, గోరువెచ్చని నీటి మీద తేల్చి, గాజు పలక మీదికి ఎత్తి, రంగు పట్టించడం ఆయన పని. మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు రాసేది డాక్టరు. ఆ చూపుకు దారి వేసేది యాదగిరి గారి చెయ్యి. రిటైరయ్యాక పొద్దుటి పూట మారేడ్‌పల్లిలోని చిన్న ల్యాబులో రక్తం తీసేవారు. ఆయన పేరు ఇంతవరకూ ఏ పత్రికలోనూ అచ్చుకాలేదు. నేను రాసిన వ్యాసాల్లో చాలావాటికి మూలం మాత్రం ఆయనే.

మా పరిచయం నా తప్పుతో మొదలైంది. ఇరవై ఏళ్ళు కావస్తోంది. అప్పుడు ఆదివారం ఆరోగ్యం పేజీ నా చేతిలో ఉండేది. చక్కెర వ్యాధి మీద ఒక డాక్టరు గారు వ్యాసం పంపారు. మొదటి నుంచీ చక్కెరను అదుపులో ఉంచుకుంటే రక్తనాళాలకు ముప్పు బాగా తగ్గుతుందని ఆయన రాశారు. దానికి నేను "షుగర్ అదుపులో ఉంటే ముప్పు తగ్గుతుంది" అని శీర్షిక పెట్టాను. రెండు కాలమ్‌ల వెడల్పులో అది పట్టలేదు. అక్షరాల సైజు తగ్గిస్తే పేజీ అందం పోతుంది. "తగ్గుతుంది" తీసేసి "లేదు" పెట్టాను. చక్కగా ఇమిడింది. పేజీ వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత నలభై అయిదేళ్ళ మనిషి ఒకాయన ఆఫీసుకు వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, వేళ్ళ చివర కడిగినా పోని గులాబీ మరకలు. చేతిలో ఆ వ్యాసం కత్తిరింపు ఉంది. శీర్షికలో "లేదు" అన్న మాట కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి ఉంది.

"గీ హెడ్డింగ్ ఎవరు పెట్టిర్రు సార్?"

"నేనేనండీ."

"డాక్టర్ సార్ లోపల తగ్గుతదని రాసిండు. మీరు పైన లేదన్నరు. లోపల సదివేటోళ్ళు ఎంతమంది?"

"చోటు సరిపోలేదండీ."

"ఎంత తక్కువైంది?"

"రెండక్షరాలు."

ఆయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు. "రెండక్షరాలకు మనిషి మోసపోతడు గద సార్" అన్నారు. సవరణ వేయిస్తానని మాట ఇచ్చాను. ఆదివారం పేజీలో సవరణలు వేసే ఆనవాయితీ లేదని పైవాళ్ళు అన్నారు. నేను పట్టుబట్టలేదు. ఆయన కూడా మళ్ళీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ, "ఒకసారి మా ల్యాబుకు రాండ్రి. కండ్లతోని సూస్తే మీరే మంచిగ రాస్తరు" అని మాత్రం అన్నారు.

వెళ్ళాను. మైక్రోస్కోపు కింద ఒక గాజు పలక పెట్టి చూడమన్నారు. నాకు గులాబీ మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన ఓపికగా దారి చూపించారు. "గా తెల్ల సందు రక్తనాళం. దాని అంచు పొంట సన్నగ సుక్కలు కనవడతున్నయా? గవి లోపలి వరుస కణాలు. ఒక్కటే వరుస, గంతే. ఒంట్లె నెత్తురంతా దాన్ని రాసుకుంటనే పోతది."

"పైపు లోపలి పూతలాగా అన్నమాట" అన్నాను. శీర్షికకు పనికొస్తుందని అప్పటికే అనుకున్నాను కూడా.

"పైపు అనకుండ్రి సార్. పైపుకు పానం ఉండదు. ఇది బతికున్నది. నెత్తురు జోరు ఎంతుందో దానికి తెలుస్తది. నాళం జెర వదులు కావాల్నంటే ఒక గ్యాస్ తయారుచేసి పక్క కండరానికి అందిస్తది. ఏ తెల్లకణాన్ని ఆపాలె, దేన్ని పోనియ్యాలె, అన్నీ అదే సూసుకుంటది."

మరి చక్కెర దాన్ని ఏం చేస్తుందని అడిగాను. ఆయన స్టూలు దగ్గరికి లాక్కున్నారు. "కండ కణాలకు, కొవ్వు కణాలకు తలుపున్నది సార్. ఇన్సులిన్ వచ్చి కొడితెనే చక్కెర బాగ లోపలికి పోతది. ఈ లోపలి వరుసకు గా సౌలత్ లేదు. నెత్తుర్ల ఎంతుంటే లోపల గంత. షట్టర్ లేని దుకాణం లెక్క. కర్ఫ్యూ పెట్టినా దించలేదు."

ఆ తర్వాతి కథను నేను నాకు తెలిసిన మాటల్లో చెబుతాను, ఎందుకంటే ఆయన నా చేత దాన్ని మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు. తలుపు వేసుకోలేని ఆ కణంలోకి చక్కెర ఎక్కువగా చేరుతుంది. కణంలో శక్తిని తయారుచేసే భాగాలు ఆ భారానికి తట్టుకోలేక నిప్పురవ్వల్లాంటి చురుకైన ఆక్సిజన్ అణువులను వెదజల్లుతాయి. నాళాన్ని వదులుచేసే వాయువును, అంటే నైట్రిక్ ఆక్సైడ్‌ను, అవి మింగేస్తాయి. నాళం బిగిసే ఉంటుంది. కణం పైభాగం జిగటగా మారి, జారిపోవలసిన తెల్లకణాలు అక్కడ అతుక్కుంటాయి. కణాల మధ్య సందులు పడి లోపలిది బయటికి ఊరుతుంది. మరోపక్క చక్కెర ఎవరి సాయమూ లేకుండా ప్రోటీన్లకు తగులుకుని, గోడలోని పోగునూ పోగునూ ముడివేస్తుంది. సాగవలసిన గోడ బిరుసెక్కుతుంది. కణాల కింద ఉండే పలచని పొర ఏటికేడు మందమవుతుంది. ఆ పొర ఒక్కటే ఊదా గులాబీ రంగులో కనబడేలా రంగు పట్టించిన రెండు పలకలను ఆయన పక్కపక్కన పెట్టారు. మొదటిదానిలో సన్నని పెన్సిల్ గీత. రెండోదానిలో అదే గీత క్రేయాన్‌తో దిద్దినట్టుంది.

ఆ రోజు నుంచి చక్కెర వ్యాధి మీద నా చేతి మీదుగా వెళ్ళిన ప్రతి శీర్షికనూ ముందుగా ఆయనకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన సరే అన్నాకే పంపాను.

మనిషి నెమ్మది. గట్టిగా నవ్వడం కూడా అరుదు. ఒకసారి ఒక ఆటో డ్రైవరు కాలు మోకాలి కింద వరకూ తీసేశారు. బొటనవేలి పుండుతో వచ్చిన మనిషి కాలు పోగొట్టుకోవడం ఏమిటని అతని భార్య ల్యాబు గుమ్మంలో నిలబడి అడిగింది. ఆమెను పంపించేయడం తేలిక. యాదగిరి గారు లోపలికి పిలిచి, స్టూలు వేసి, ఆ కాలిలోని రక్తనాళాన్నే మైక్రోస్కోపులో చూపించారు. ఆమె చాలాసేపు చూసింది. "గింత చిన్న దాని కోసం గంత కాలు తీసిర్రా అన్నా?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు. నాకు ఈ సంగతి చెప్పినప్పుడు కూడా లేదు. "ఆమె అడిగింది కరెక్టే సార్. గది చిన్నదే" అన్నారు.

తెలియనిది తెలియదని చెప్పడంలో ఆయనకు సిగ్గు లేదు. ఒకే వయసు, ఇంచుమించు ఒకే కాలం నుంచి చక్కెర ఉన్న ఇద్దరు మనుషుల పలకలు ఒకసారి చూపించారు. ఒకరి నాళాలు పాడయ్యాయి, మరొకరివి చాలావరకు బాగున్నాయి. ఎందుకని అడిగాను. "తెల్వదు." అలా రాస్తే పాఠకులు అయోమయపడతారన్నాను. "పడనియ్యుండ్రి. తెల్వదనేది సుత వార్తనే గద."

మారేడ్‌పల్లి ల్యాబులో ఆయన రక్తం తీసే తీరు చూడాలని ఒకసారి వెళ్ళి కూర్చున్నాను. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి కాకరకాయ తిని వచ్చేవాళ్ళే అక్కడ ఎక్కువ. ఒక పెద్దాయన చెయ్యి చాపుతూనే తన పథ్యం గురించి చెప్పడం మొదలుపెట్టారు.

"ఆదివారం ఏం తిన్నరు సార్?" అన్నారు యాదగిరి గారు.

"జొన్న రొట్టె. ఆకుకూర."

"గంతకు ముందటి ఆదివారం?"

పెద్దాయన కిటికీ వైపు చూశారు. "మనవరాలి పుట్టినరోజు లెండి."

"పర్వాలేదు సార్, మీరు చెప్పకున్నా నడుస్తది. మూడు నెలల టెస్టు రాసిర్రు. నెత్తురే చెప్తది." ఆ పెద్దాయనతో పాటు వరుసలో ఉన్న నలుగురూ నవ్వారు. ఆ నలుగురిలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు కూడా.

ఇలాంటి మనిషి, అంతకు చాలా ఏళ్ళ ముందు, జబ్బు బయటపడేదాకా తన రక్తాన్ని ఒక్కసారీ పరీక్షించుకోలేదు. నాకు అర్థంకాని వాటిలో ఇదొకటి. యాభైకి దగ్గరపడ్డాక, అద్దాలు మార్పించుకోవడానికి వెళ్తే, కంటి వెనక సన్న నాళాలు అప్పటికే ఊరుతున్నాయని కంటి డాక్టరు చూసి చెప్పాడు. అంటే చక్కెర అప్పటికే కొన్నేళ్ళుగా ఉందన్నమాట. ఎన్నేళ్ళో ఎవరూ చెప్పలేరు. ఎందుకిలా చేశారని అడిగాను. "రోజు సూసేటోనికి రాదని లోపల ఎక్కడనో అనుకున్న సార్. అడిగితె మాత్రం గట్ల అనుకుంటలేనని చెప్తుంటి."

అక్కడి నుంచి ఆండాళమ్మ గారి కాలం మొదలైంది. అన్నానికి ఒక స్టీలు గిన్నె కొలతగా పెట్టారు. పొద్దున్నే అయిదింటికి లేచి జొన్నపిండి కలిపేవారు. రాత్రి పడుకోబోయే ముందు ఆయన పాదాలు దీపం వెలుగులో వేలు వేలు చూసేవారు. పెళ్ళిళ్ళలో ఆమె ముందు నడిచి గిన్నెల మూతలు తీసి చూస్తే, ఆయన ప్లేటు పట్టుకుని వెనక నడిచేవారు. "మా ఇంట్ల ఇన్‌స్పెక్టర్ ఉన్నది సార్. మీ పేపరోళ్ళు సుత గిట్ల వెంటవడరు" అనేవారు. ఆమె వినీ విననట్టుండేవారు.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ, వంటింటి అలమారా తలుపు లోపలివైపు నా శీర్షికను చూశాను. అదే కత్తిరింపు. ఆయన పాత కాగితాల్లో ఆమెకు దొరికిందట. "షుగర్ అదుపులో ఉంటే ముప్పు లేదు." లేదు కింద ఎర్ర గీత. భర్త గీత గీశాడంటే ముఖ్యమైన మాటేనని ఆమె అనుకున్నారు. నాలుగు మూలలా గోధుమపిండి జిగురు పెట్టి అతికించారు.

నేను వరండాలోకి వచ్చి, అది తీసేద్దామని ఆయనతో మెల్లగా అన్నాను.

"ఉండనీయుండ్రి సార్. గది సూసుకుంటనే ఆమె పొద్దుగాల లేస్తున్నది. ఇప్పుడు తీసేస్తే చెయ్యి ఆడదు."

"రెండక్షరాలకు మనిషి మోసపోతాడని మీరే గదండీ అన్నది?"

"అన్న. గప్పుడు నాకు షుగర్ లేదు" అన్నారు.

తర్వాత ఆయనే, పాఠం చెప్పినట్టుగా, తన సంగతి చెప్పారు. చక్కెర అదుపులోకి వచ్చినా లోపలి వరుస కణాల్లో కొన్ని ఇంకా ఎక్కువ చక్కెరలోనే ఉన్నట్టు ప్రవర్తిస్తాయి. చక్కెర ముడివేసిన పోగులు, పాతవి పోయి కొత్తవి వచ్చేదాకా, ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. అందుకే తొలినాళ్ళలోనే జాగ్రత్తపడినవారికి మేలు ఎక్కువ, ఆలస్యంగా మొదలుపెట్టినవారికి కొంత తక్కువ. "ముందటి ఏండ్లు అది యాదిల పెట్టుకుంటది సార్. నేను మర్చిపోయిన ఏండ్లు" అన్నారు. మరైతే ఇప్పుడీ పథ్యం వల్ల లాభం లేదా అన్నాను. ఆ ఒక్కసారే ఆయన నా మీద చిరాకుపడ్డారు. "తక్కువ అంటే లేదని కాదు. మల్ల గదే తప్పు చేస్తున్నరు మీరు."

ఆ తర్వాత దాదాపు పదిహేనేళ్ళు బతికారు. చూపు పోలేదు. కాళ్ళు పోలేదు. ప్రతి రక్తపరీక్షా ఫస్ట్ క్లాసే.

పదకొండో రోజున కర్మకు వెళ్ళాను. తల్లి పోయాక ఆయన్ని పెంచిన పెద్దక్క బాలమణమ్మ గారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. దుఃఖం ఎవరి మీద పెట్టాలో తెలియని మనిషిలా ఉన్నారు. చివరికి మరదలి మీద పెట్టారు.

"కంట్రోల్ల ఉన్నది, కంట్రోల్ల ఉన్నదని నెలనెలా మురిసినవ్. కంట్రోల్ల ఉంటే మావోడు ఎట్ల పోయిండే? ఏం పెట్టినవో నీకే ఎరుక."

"ఊకో అక్కా" అన్నారెవరో.

"ఎందుకు ఊకుంట? పిడికెడు బువ్వ పెట్టి ఎండగొట్టింది. గదన్న మంచిగ చేసిందా?"

ఆండాళమ్మ గారు నన్ను వంటింట్లోకి రమ్మన్నారు. అలమారా తలుపు తీశారు. కాగితం పసుపెక్కింది, ఎర్ర గీత మాత్రం వెలిసిపోలేదు.

"గిది మీరు పెట్టిన హెడ్డింగేనని ఆయన చెప్పిండు సార్. అదుపుల ఉంటే ముప్పు లేదన్నరు. ముప్పు వచ్చింది. అంటే నా చేతుల్నే ఎక్కడనో తప్పయింది. రోజు మతికి తెచ్చుకుంటున్న, దొరుకుతలేదు. మీకు తెలిస్తే చెప్పుండ్రి. నేను ఎక్కడ తప్పిన?"

హాల్లోంచి పిలుపొచ్చి ఆమె వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నాలుగు రోజులు నాకు ఏదీ పాలుపోలేదు. నిజం చెబితే, ఆయన పదిహేనేళ్ళు దాచినదాన్ని ఆయన పోయిన రెండు వారాలకే బయటపెట్టినవాణ్ణవుతాను. చెప్పకపోతే, నేను రెండక్షరాల చోటు కోసం రాసిన అబద్ధాన్ని ఆమె నేరంగా మోస్తారు. ఊరందరికీ నిజం చెప్పమన్న మనిషి ఇంట్లో ఎందుకు ఊరుకున్నారు? ఆమె ధైర్యం కోసమా, తన ధైర్యం కోసమా? ఇదివరకు ఇలాంటి చిక్కు వస్తే ఆయనకే ఫోన్ చేసి అడిగేవాణ్ణి.

అయిదో రోజున వెళ్ళి అంతా చెప్పాను. శీర్షిక ఎలా కుదించానో, ఆ గీత ఎందుకు గీశారో, వరండాలో ఏమన్నారో, కణాలు ముందటి ఏళ్ళను ఎలా గుర్తుపెట్టుకుంటాయో చెప్పాను.

"గా గీత తప్పని గీసిండా?"

"అవునమ్మా."

"పదిహేనేండ్లు నా పక్కన నిలవడి చాయ్ తాగిండు. ఒక్కనాడు అనలే. నిజం తెలిస్తే నేను చెయ్యకపోదునా సార్? గింత నమ్మకం లేకపాయె మీ ఇద్దరికి."

ఆటో డ్రైవరు భార్య ముందు యాదగిరి గారు ఎలా ఉండిపోయారో నాకు అప్పుడు తెలిసింది.

లేచేటప్పుడు ఆమే అన్నారు. "మా ఆడబిడ్డ నేను చెప్తే ఇనదు. పేపర్ల వస్తే ఇంటది. రాయుండ్రి." పాత కాగితం తీసేస్తారా అని అడిగాను. "తియ్య. ఆయన గీత ఉన్నది దాని మీద. మీరు రాసింది పక్కన పెడ్త" అన్నారు.

ఆయన గాజు పలకలు ఒక చెక్కపెట్టెలో వరుసగా ఉన్నాయి. వాటిని చదివి చెప్పగల డాక్టర్లు ఈ ఊళ్ళో ఎందరో ఉన్నారు. నా బోటివాడి పక్కన స్టూలు మీద కూర్చుని, తెలిసినంత చెప్పి, తెలియనిచోట ఆగేవాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదు. ఆయనకు నేను చేయగల నమస్కారం ఒకటే. ఇరవై ఏళ్ళు ఆలస్యమైంది.

సవరణ: ఈ వ్యాసం రాసిన పాత్రికేయుడే లోగడ ఆదివారం పేజీలో "షుగర్ అదుపులో ఉంటే ముప్పు లేదు" అని శీర్షిక పెట్టాడు. అది తప్పు. చక్కెర అదుపులో ఉంటే రక్తనాళాలకు ముప్పు తగ్గుతుంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఎక్కువగా తగ్గుతుంది. ఎంత తగ్గినా పూర్తిగా పోదు. తిరుమలగిరిలోని ఒక ఇంట్లో ఆ ముప్పును పదిహేనేళ్ళ పాటు ఒక మనిషి తన చేతులతో తగ్గిస్తూ వచ్చారు. ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు.

పంపే ముందు దీన్ని ఎవరికైనా చదివి వినిపించడం నాకు అలవాటు. ఆండాళమ్మ గారికి ఫోన్ చేసి చదివాను. చివరిదాకా విని, "తగ్గుతుంది అని నిండుగ ఉన్నదా?" అని అడిగారు. ఉందన్నాను.

"అయితే పంపుండ్రి" అన్నారు.